ఎవరి ఆర్డరు?

పోయిన కార్తీకంలో మొదలుపెట్టిన శాలువా ఇంకా సూదుల మీదనే ఉంది. కోఠీలో కొన్న సన్నటి ఉన్ని, బూడిద రంగు. ఆకుల వరసల లేసు అల్లిక. వరసకు 211 కుట్లు, ఇరవై ఒక్క ఆకులు. ఇప్పుడు మే నెల. తిరుమలగిరిలో మే నెల మధ్యాహ్నం ఒళ్ళో ఉన్ని పెట్టుకుని కూచున్న మనిషిని చూసి నవ్వనివాళ్ళు మా వాడకట్టులో ఎవరూ లేరు. పాలు పోసే అబ్బాయి కూడా “టీచరమ్మా, ఎండకు గొంగడి కప్పుకుంటరా?” అని అడిగిపోతాడు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మోకాళ్ళు మొరాయించాయి. నడక తగ్గింది, చదువుదామంటే కళ్ళు గంటకు మించి ఓపవు. చిన్నప్పుడు బడిలో క్రాఫ్టు టీచరు నేర్పిన రెండు సూదుల అల్లిక యాదికొచ్చింది. మళ్ళీ పట్టుకుంటే చేతులు మరిచిపోలేదు. మనసు కుదురుగా ఉంటుంది. తొందరలేదు. ఎప్పటికి అయితే అప్పటికి. ఎవరైనా అడిగితే “తీరిక పని” అని చెప్తూ వచ్చాను. ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించే.

మా తమ్ముడి భార్యది పాలకొల్లు దగ్గర పల్లె. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు నా పక్కన కూచుని కాసేపు అల్లిక చూసింది. అంచు పట్టుకుని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూసింది. తర్వాత అడిగింది: “ఎవరి ఆర్డరు వదినగారూ?”

“ఆర్డరేంది పిల్లా, ఊకెనే అల్లుతున్న.”

“ఊరికేనా? ఊరికే ఎవరు అల్లుతారండీ?”

వెటకారం కాదు. నిజంగా అర్థం కాలేదు ఆ పిల్లకు. వాళ్ళ అమ్మ లేసు అల్లింది, అమ్మమ్మ అల్లింది, తను ఏడో ఏట క్రోషా సూది పట్టింది. వాళ్ళ వీధిలో అరుగు అరుగుకూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూచుని అల్లేవాళ్ళట. ఏజెంటు సైకిలు మీద దారం తెచ్చి ఇచ్చేవాడు, అల్లింది తీసుకుపోయేవాడు. ఇచ్చిన దారం తూకమే, తెచ్చిన లేసూ తూకమే. పసుపు మరక కనబడితే కోత. దారం పూర్తికాకుండా డబ్బు అడిగితే మొహం చిట్లింపు. ఆర్డరు లేని అల్లిక అంటే ఆమెకు కూలి లేని కలుపు తీతలాంటిదే.

నరసాపురం లేసు కథ చాలామంది విన్నదే, కానీ మొదట్నించి చెప్పుకుంటేనే నా శాలువా దాంట్లో ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో సహా వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. అప్పటికి నందన కరువు పోయి మూడు నాలుగేళ్ళే అయింది. కాటన్ ఆనకట్ట పని ఇంకా పదేళ్ళకు గాని మొదలుకాలేదు. పక్కనే గోదావరి పారుతున్నా పొలాలు ఎండిన కాలం అది. లేసు పని 1844లో మెక్రే అనే స్కాట్లండు దంపతులు నేర్పారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఎగువన దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళు కూడా లేసు నేర్పించారు. ఆ దుమ్ముగూడెం ఇప్పుడు మా తెలంగాణలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. కొత్తగా క్రైస్తవం తీసుకున్న పేద ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు దొరికే పని అని మొదలైంది. దొరసానులు అల్లికలను తమ దేశంలో తెలిసినవాళ్ళకు పంపేవారు, వాళ్ళు డబ్బు పంపేవారు. కొన్నాళ్ళకు వ్యాపారులు వచ్చారు. పని చర్చి కాంపౌండు దాటి రైతు కుటుంబాల్లోకి, ముఖ్యంగా కాపుల ఇళ్ళలోకి వెళ్ళింది.

ఇదే కాలంలో ఐర్లండులో జరిగింది చూడండి. 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్ళిపోయి లక్షలమంది చచ్చిపోయిన కరువు వచ్చింది. అక్కడ కూడా కాన్వెంట్లు, పాదిరీల భార్యలు ఆడవాళ్ళ చేతికి క్రోషా సూది ఇచ్చారు. వెనిస్ నగరంలో సూదితో ఏళ్ళ తరబడి కుట్టే ఖరీదైన లేసును క్రోషాతో అనుకరించడం నేర్పారు. ఆ అనుకరణలో ఒక కిటుకు ఉంది. గులాబీ ఒకరు అల్లుతారు, ఆకు ఒకరు అల్లుతారు, అన్నిటినీ కలిపి వలలాగా అతికే పని ఇంకొకరిది. ఏ ఒక్క మనిషికీ మొత్తం బట్ట తెలియనక్కర్లేదు. గోదావరి డెల్టాలో కూడా ఇదే పద్ధతి. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. మా మరదలు వాళ్ళ అమ్మ చేతిపని మనిషి. తను అల్లిన పువ్వు చివరికి బల్లగుడ్డ అయిందో, దిండుగలీబు అయిందో, ఏ దేశం పోయిందో ఆమెకు తెలియదు.

ఇక్కడ కాస్త అల్లిక సంగతి చెప్పాలి, లేకపోతే అసలు విషయం జారిపోతుంది. నేను చేసే రెండు సూదుల అల్లికలో 211 కుట్లూ ఒకేసారి సూది మీద ప్రాణంతో ఉంటాయి. ఒకటి జారిందంటే కిందికంటా నిచ్చెన మెట్లలాగా విప్పుకుపోతుంది. లేసు అంటే కావాలని చేసే చిల్లులే. సూది మీద దారం ఊరికే ఒక చుట్టు వేస్తే అక్కడ చిల్లు పడుతుంది, కానీ ఒక కుట్టు పెరుగుతుంది. పెరిగినదాన్ని సరిచేయడానికి పక్కనే రెండు కుట్లను కలిపి ఒకటి చేయాలి. చిల్లుకు ఒక జోడింపు, అంతే లెక్క. ఆ జోడింపు కుడికి వాలిందా ఎడమకు వాలిందా అన్నదాన్ని బట్టి ఆకు ఈనె తేలుతుంది. ఒక్క చుట్టు మరిచిపోతే ఆకు వంకర పోతుంది. అందుకని మధ్యలో లేచి పొయ్యి మీద పాలు చూసి రావడం కష్టం. వరస పూర్తిచేసే లేవాలి.

క్రోషా అట్లా కాదు. అందులో ఎప్పుడూ ఒక్క కుట్టే సూదికి తగులుకుని ఉంటుంది. పిల్ల ఏడిస్తే అక్కడికక్కడ వదిలేసి లేవచ్చు. ఎసరు మరిగేలోపు నాలుగు కుట్లు వేయచ్చు. మళ్ళీ వచ్చి అదే చోట అందుకోవచ్చు. పువ్వు అరచేతిలో పట్టేంత చిన్నది, ఒళ్ళో గుడ్డ పరుచుకుంటే చాలు. మగ్గం లేదు, గుంట లేదు, షెడ్డు లేదు, కరెంటు లేదు. సంసారం చేసుకునే ఆడమనిషి రోజులో దొరికే ముక్కలు ముక్కలు సమయాన్నంతా పీల్చుకోవడానికి ఇంతకంటే అనువైన పని ఇంకొకటి ఉండదు. వ్యాపారికి కావలసింది సరిగ్గా అదే.

ఇంకొకటి కూడా ఉంది. లేసుకు యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. 1808-09లలో హీత్‌కోట్ అనే ఆయన ఇంగ్లండులో వల అల్లే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1816లో పనివాళ్ళు ఆయన ఫ్యాక్టరీ మీద పడి యంత్రాలు పగలగొట్టారు. రెండు సూదుల అల్లికకైతే 1589లోనే విలియం లీ యంత్రం కట్టాడు. కానీ క్రోషాను నిజంగా అల్లే యంత్రం ఇప్పటికీ లేదు. బజారులో యంత్రం మీద చేసిన ‘క్రోషా’ అని అమ్మేవి చూడటానికి అట్లా ఉండే వేరే అల్లికలు. అంటే మనిషి చెయ్యి తప్పనిసరి. అర్థశాస్త్రం తెలియని నాబోటిదానికి, మనిషి చెయ్యి తప్పనిసరి అయిన పనికి కూలి పెరగాలి కదా అనిపిస్తుంది. నరసాపురంలో పెరగలేదు. ఎందుకు పెరగలేదు?

ఈ ప్రశ్న పట్టుకుని 1970ల చివర్లో ఒక జర్మన్ సామాజికశాస్త్రవేత్త నరసాపురం వచ్చింది. పేరు మరియా మీస్. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ అధ్యయనం 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకంగా లండన్‌లో అచ్చయింది. పేజీలు తక్కువే, కానీ ప్రపంచమంతా చదివారు. ఆడవాళ్ళ పని గురించి రాసేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకం పేరు ఎత్తకుండా ముందుకు పోరు. మనవాళ్ళలో దాన్ని చదివినవాళ్ళు మాత్రం నాకు తక్కువే కనబడ్డారు. మీస్ 2023లో చనిపోయింది.

ఆమె చెప్పింది చాలా సూటి విషయం. లక్షమందికి పైగా ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఈ పని చేస్తున్నారు. దాని మీద వ్యాపారులకు ఎగుమతి జరుగుతోంది. అల్లినవాళ్ళకు వచ్చేది రోజుకు రూపాయి కూడా లేదు. పక్క పొలంలో కూలికి పోయే దళిత ఆడవాళ్ళకు అంతకంటే ఎక్కువ వస్తోంది. అయినా లేసు అల్లే ఆవిడ తనను కూలిమనిషి అనుకోదు. గోషా ఉన్న ఇంటి ఇల్లాలు, పొలానికి పోనక్కర్లేనిది, తీరిక వేళల్లో సరదాగా అల్లుకుంటోంది. ఆమె భర్తా అదే అంటాడు, ఏజెంటూ అదే అంటాడు, ఎగుమతిదారూ అదే అంటాడు, సర్కారు కాయితాలూ అదే అంటాయి. జనాభా లెక్కల్లో వాళ్ళలో అత్యధికులు పనిచేసేవాళ్ళుగా కనబడనే లేదు. తీరిక పనికి కూలేమిటి? ఇచ్చిందే ఎక్కువ.

నేను ఈ పుస్తకం చదివింది హైదరాబాదులో, ఎం.ఏ. చదివే రోజుల్లో. అప్పుడు కోపంగా చదివాను. కోపం ఎగుమతిదార్ల మీద. మొన్న సంక్రాంతి తర్వాత మళ్ళీ తీసి చదివితే ‘తీరిక’ అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది. నేను పాలబ్బాయికి చెప్పే మాట అదే. నాకు అది నిజం. పెన్షన్ వస్తుంది, పిల్లలు స్థిరపడ్డారు, శాలువా అల్లినా అల్లకపోయినా పొయ్యి వెలుగుతుంది. అదే మాట అదే పని గురించి మా మరదలు వాళ్ళమ్మ విషయంలో అబద్ధం. చేతులు చేసే కదలిక ఒకటే.

మీస్‌తో నాకు ఒక్క చోట పేచీ ఉంది. ఆమె ఆ ఆడవాళ్ళ అమాయకత్వాన్ని కొంచెం ఎక్కువ చేసి చూసిందేమో. పొలానికి పోకుండా ఇంట్లో ఉండటం గౌరవం అనుకోవడం ఉత్త భ్రమ మాత్రమే కాదు. ఎండ దెబ్బ, నడుం నొప్పి, దారి పొడుగునా మాటలు పడటం, ఇవన్నీ తప్పించుకోవడం కూడా లెక్కలోదే. కానీ ఆ గౌరవానికి ఒక ధర ఉందని, ఆ ధర ఎగుమతిదారు లాభంలో జమ అయిందని ఆమె చూపించింది. దాన్ని కాదనలేం.

ఇది మన దగ్గరే జరిగింది అనుకోవద్దు. నేను అల్లే ఆకుల లేసు వంటిదానికి పెద్ద పేరు స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులది. అక్కడి సన్న శాలువాలు పెళ్ళి ఉంగరంలో దూరిపోతాయంటారు. మన వాళ్ళు ఢాకా మస్లిను గురించి చెప్పుకున్నట్టే. ఆ దీవుల ఆడవాళ్ళు వీపు మీద బుట్టలో పొయ్యిలోకి పీట్ గడ్డలు మోస్తూ నడుస్తూ కూడా అల్లేవాళ్ళు. ఆ బొమ్మలు పోస్టుకార్డుల మీద అచ్చయ్యాయి, శ్రమజీవుల అందమైన దృశ్యంలాగా. అల్లినదానికి వ్యాపారి డబ్బు ఇచ్చేవాడు కాదు. తన దుకాణంలోని సరుకు ఇచ్చేవాడు. టీ పొడి, గుడ్డ, అదీ తను చెప్పిన ధరకు. ఇంట్లో పిండి కావలసిన మనిషి ఆ టీ పొడిని ఇంకొకరికి నష్టానికి అమ్ముకుని పిండి కొనుక్కోవాలి. 1872లో బ్రిటిష్ ప్రభుత్వం దీని మీద విచారణ జరిపింది. అల్లికల ఆడవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. చట్టాలు తర్వాత వచ్చాయి. కానీ నన్ను పట్టుకున్నది ఆ సాక్ష్యం సంగతే. లేసు చరిత్ర పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆ శాలువాలు కప్పుకున్నవాళ్ళ గురించి ఉంటుంది. అల్లినవాళ్ళ గొంతు వినబడాలంటే విచారణ కమిషన్ కాయితాలు తిరగెయ్యాలి.

మరి మా దిక్కు? తిరుమలగిరిలో లేసు లేదు. కానీ ఉన్ని ఉంది, లేదా ఉండేది. సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద ఊరు మాది. 2016 దాకా నల్లగొండ జిల్లా, తర్వాత సూర్యాపేట జిల్లా. చుట్టూ కంచెలు, గుట్టలు, కురుమల మందలు. మా చిన్నప్పుడు ఈ మందలన్నీ నల్లటి దక్కనీ గొర్రెలు. ఏడాదికి రెండుసార్లు కత్తెరలతో ఉన్ని కత్తిరించేవారు. ఏకేవారు. ఆడవాళ్ళు వడికేవారు. మగవాళ్ళు మగ్గం మీద గొంగడి నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు, ఆ వాసన ఇంటి ముందునుంచి పోతే ఇప్పటికీ ముక్కుకు తెలుస్తుంది. గొంగడికి రంగు అద్దరు, గొర్రె నలుపే గొంగడి నలుపు. వానకు గొడుగు, చలికి దుప్పటి, ఎండకు నీడ, అంగట్లో కూచుంటే చాప, బీరప్ప ముందు పరిస్తే పీట. ముతకది, గుచ్చుకుంటుంది, మనిషి జీవితమంతా ఉంటుంది. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండుకు పడిపోయిన దొడ్డి కొమరయ్య కురుమ ఇంటి బిడ్డ. ఎక్కడ ఆయన బొమ్మ పెట్టినా భుజాన గొంగడి ఉంటుంది. దొరలకు వెట్టి చేసిన రోజుల్లో ప్రతి కులం తన పనిని ఉత్తగనే ఇవ్వాలి. గొల్ల కురుమలు గొర్రెపోతులను ఇవ్వాలి.

గొంగడి నేసేవాడు అంటే మాకు మగమనిషే కండ్ల ముందు కనబడతాడు. మగ్గం మీద కూచునేది ఆయనే, అంగడికి తెచ్చి బేరం చేసేది ఆయనే. ఒక గొంగడికి కావలసిన నూలంతా వడికేది ఎవరు? మా ఇంటి వెనక వాడకట్టులో ఒక ముసలమ్మ ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా, ఎవరి ఇంటి అరుగు మీద కూచున్నా ఆమె చేతిలో ఉన్ని ఉండేది. “ఏం చేస్తున్నవ్ అవ్వా?” అంటే “ఏం లేదు బిడ్డా, ఊకెనే కూసున్న” అనేది. వడుకుతూనే. ఆమె లెక్కలో అది పని కాదు. నరసాపురం దాకా పోనక్కర్లేదు నాకు ఈ సంగతి తెలుసుకోవడానికి. బడిలో పాఠం చెప్పినన్ని ఏళ్ళూ తట్టలేదు.

ఇప్పుడు ఆ ఉన్ని కూడా లేదు. మాంసానికి ధర వచ్చింది, ఉన్నికి రాలేదు. కురుమలు బరువు పెరిగే, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలకు మళ్ళారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం పెట్టి, ఇరవై గొర్రెలు ఒక పొట్టేలు యూనిట్‌గా 75 శాతం రాయితీ మీద ఇచ్చింది. ఆ పథకం మంచిచెడ్డలు వేరే కథ. మా చుట్టుపక్కల మందల్లో నలుపు మాత్రం ఇంకా తగ్గింది. నేను శాలువా అల్లుతున్న ఉన్ని ఎక్కడి గొర్రెదో ఉండ మీది కాయితంలో లేదు. మా గుట్టల గొర్రెది మాత్రం కాదు.

మా తెలంగాణలోనే ఇంటి పట్టున కూచుని ఏజెంటు తెచ్చి ఇచ్చిన సరుకుతో పనిచేసే ఆడవాళ్ళు ఇంకా లక్షలమంది ఉన్నారు. నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టేవాళ్ళు. అదీ ఒళ్ళో చేట పెట్టుకుని చేసే పనే, అదీ సంసారం మధ్యలో ముక్కలు ముక్కలుగా చేసే పనే. కానీ బీడీ కార్మికులకు 1966లో పార్లమెంటు చట్టం చేసింది, ఇంట్లో కూచుని చుట్టేవాళ్ళు కూడా దాని కిందికి వచ్చారు. గుర్తింపు కార్డు, పీఎఫ్ ఉన్నాయి. అందరికీ సరిగ్గా అందలేదు, కొట్లాడితేనే అందాయి. 2015 నుంచి మా రాష్ట్రంలో వాళ్ళకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలైంది, తర్వాత పెరిగింది. లేసు ఆడవాళ్ళకు అట్లాంటి చట్టం లేదు. ఎందుకు తేడా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. బీడీ చుట్టడాన్ని ఎవరూ సరదా అనలేదు. పొగాకు ఘాటు, దగ్గు, నల్లబడిన వేళ్ళు. ఎవరు చూసినా అది పని. లేసు అందంగా ఉంటుంది. అందంగా ఉన్నదాన్ని చేసేవాళ్ళు సంతోషంగానే చేస్తుంటారని చూసేవాళ్ళకు ఒక నమ్మకం. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పట్టున చేసే పని మీద ఒక ఒప్పందం చేసింది, 177వది. ఇల్లు కూడా పనిచోటే, ఆ మనిషీ కార్మికురాలే అని. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు.

నరసాపురం పక్కన తర్వాత లేసు పార్కు వచ్చింది, మహిళా సంఘాలు వచ్చాయి. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరును కాపాడే గుర్తింపు అది, ఇంకోచోట చేసినదాన్ని ఈ పేరుతో అమ్మకూడదని. మంచిదే. కూలి ఎంతో అది చెప్పదు.

పది రోజుల క్రితం మా మరదలు వాళ్ళమ్మ వచ్చింది. హైదరాబాదులో కంటి ఆపరేషన్ అయింది, ఒక కన్ను. రెండోది ఇంకా చేయించాలి. కొన్నాళ్ళు కూతురి దగ్గర ఉండి, ఒక్క పూట మా ఇంటికి. డెబ్బై ఏళ్ళు. అంటే మీస్ నరసాపురం వచ్చిననాటికి ఆమెకు ఇరవై రెండు, ఇరవై మూడు. అడిగాను, ఎవరైనా వచ్చి మిమ్మల్ని ఎంత కూలి ఇస్తున్నారని అడిగారా అత్తమ్మా అని. “మా వీధికి ఎవరూ రాలేదమ్మాయ్” అంది. “వచ్చినా ఏం చెప్తాం. ఏజెంటు మా పెదమావగారి కొడుకే కదా.”

మీ ఇంట్లో మీరు అల్లిన లేసు ఉందా అని కూడా అడిగాను. కాసేపు ఆలోచించింది. కూతురి పెళ్ళప్పుడు టీవీ మీద కప్పడానికి ఒకటి అల్లిందట, మిగిలిన దారాలన్నీ దాచి. తూకంలో అంత దారం ఎట్లా మిగిలింది అని నేను అడగలేదు. ఆమే చెప్పింది, నవ్వుతూ: “పువ్వుకు రెండు కుట్లు బిగించి అల్లితే దారం మిగులుద్ది. ఏజెంటుకు బరువు తగ్గినట్టు తెలీకుండా లేసుకు గంజి పెట్టేవాళ్ళం.” నలభై ఏళ్ళ పనిలో ఆమె తనకోసం తీసుకున్న దారం అంత.

తర్వాత నా శాలువా అడిగి ఒళ్ళో పెట్టుకుంది. రెండు సూదులు ఆమెకు కొత్త. “కర్రలతో అల్లుతారా” అని సూదిని తట్టి చూసింది. “దీనికి ఎంతిస్తారమ్మాయ్?”

నేను నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. కానీ లెక్క వేశాను, ఆమె ముందే, పాత పంచాంగం వెనక కాయితం మీద. రోజుకు గంట, ఆరు నెలలు, నూట ఎనభై గంటలు. ఎనిమిది గంటల రోజులుగా ఇరవై రెండున్నర. ఉపాధి హామీ కూలి 2025-26లో మా రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు ఉండేది. ఆ లెక్కన ఆరు వేల తొమ్మిది వందల పైచిలుకు, ఉన్ని ఖరీదు కాక. శాలువా ఇంకా సగమే. మొత్తం అయితే పద్నాలుగు వేల దాకా తేలుతుంది. చదివి వినిపించాను. “అంత ఎవరిస్తారు?” అంది. గొంతులో ఎకసెక్కం లేదు. బజారు తెలిసిన మనిషి చెప్పే మాట. నిజమే, నేనూ ఇవ్వను. ఏ దుకాణంలోనైనా శాలువాకు పద్నాలుగు వేలు చెప్తే మారుమాట్లాడకుండా బయటికి వచ్చేస్తాను.

ఆమె మాట్లాడుతూనే అల్లిక మీద చెయ్యి పోనిస్తోంది. కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి. వేళ్ళు ఒక్కో చిల్లు మీద ఆగి ముందుకు పోతున్నాయి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఒకచోట ఆగిపోయాయి. వెనక్కి వచ్చాయి. మళ్ళీ అదే చోట ఆగాయి.

“ఇక్కడ ఒక కన్నం పోయింది” అంది.

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. తొమ్మిదో ఆకు. ఒక చుట్టు వేయడం మరిచిపోయి, పక్కనెక్కడో ఒక కుట్టు జోడించకుండా వదిలేసి, లెక్క 211 సరిపోయేసరికి గమనించకుండా పైకి పోయాను. ఆకు ఈనె చిన్నగా పక్కకు ఒరిగింది. పద్నాలుగు వరసల కింద. నా రెండు కళ్ళకూ కనబడనిది.

“ఉండనీయండి అత్తమ్మా, ఎవరు చూస్తరు” అన్నాను.

“విప్పమ్మాయ్. ఏజెంటు తిరగ్గొడతాడు” అంది. వెంటనే తనే నవ్వింది. “ఏజెంటు లేడు కదూ నీకు.”

కానీ శాలువా నా చేతికి ఇవ్వలేదు. సూది లాగమని చెయ్యి చాపింది. లాగాను. 211 కుట్లు ఒక్కసారి గాలిలో నిలబడ్డాయి, నాకు గుండె జారింది. దారం కొస పట్టుకుని నేను విప్పుతుంటే ఆమె ఉండ చుట్టసాగింది, బిగించకుండా, ఉన్ని సాగకుండా, వేలి మీద వదులుగా తిప్పుతూ. ఉన్ని ఆమె ఎప్పుడూ పట్టలేదు. చేతికి తెలిసినట్టే ఉంది.

పద్నాలుగో వరస దాకా వచ్చాక ఆపింది. “ఇప్పుడు కర్ర ఎట్టు” అంది, “ఇన్ని కుట్లూ ఎలా ఎక్కిస్తావో చూస్తాను.” కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుంది.